భరతమాతకు నప్పే రంగు

మాది వన్ టౌన్‌లో చీరల కొట్టు. ఎమ్మే చదివి అందులో కూర్చున్నాను కాబట్టి, చీర మడతపెట్టేటప్పుడు కాస్త ఆలోచిస్తాను. అంతకుమించి తేడా లేదు. కొనడానికి వచ్చినావిడ మణికట్టు మీద చీర అంచు పరిచి చూడటం మా పద్ధతి. ఒంటి రంగుకి నప్పకపోతే ఆ మాట పైకి అనం. "ఇంకోటి చూపిస్తానండీ" అంటాం.

మా అమ్మాయికి ఆగస్టు పదిహేనున భరతమాత వేషం వెయ్యాలని ఆశ. ఐదో తరగతి. మాటలన్నీ కంఠతా పట్టేసింది. తెల్లచీరకి ఒకవైపు కాషాయం, రెండోవైపు ఆకుపచ్చ అంచు పెట్టించి నేయించాను. భవానీపురంలో వాళ్ల బడికి పట్టుకెళ్లాను.

"చీర చాలా బావుందండీ" అన్నారు టీచరుగారు. "పాప కూడా మంచి చురుకు. కాకపోతే భరతమాత కదండీ, దూరం నుంచి కూడా మొహం కనపడాలి."

"ఇప్పుడు కనపడట్లేదాండీ?"

"అబ్బే, అలా కాదండీ. పాపకి ఇంకో వేషం చూస్తాను."

చూశారు. కరువులో రైతు భార్య. మేకప్ అక్కర్లేదన్నారు. చీర మాత్రం ఉంచేసుకున్నారు.

మగపిల్లలకి ఈ చిక్కు లేదు. మీసం అతికిస్తే ఏ రంగువాడైనా దేశాన్ని కాపాడొచ్చు. దేశమే తెల్లగా ఉండాలి. ఆ భరతమాత ఎప్పుడూ మే నెల ఎండలో మా ఇబ్రహీంపట్నం వైపు వచ్చి ఉండదు.

"నేను బాగా చెప్పలేదా నాన్నా?"

"బాగానే చెప్పావమ్మా."

"మరి?"

రోజంతా ఆడవాళ్లకి రంగుల గురించి చెప్పే నోరు నాది. ఆ పూట మాత్రం, రైతు భార్యకి ఏ చీర బావుంటుందో చూద్దాం రమ్మన్నాను.

వేడుకలో, మా చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న పచ్చటి ఛాయ భరతమాతకి కుచ్చిళ్లు ఊడిపోయాయి. టీచరుగారు మా అమ్మాయిని పిలిచారు. కొట్లో పెరిగిన పిల్ల కదా, మోకాళ్ల మీద కూర్చుని చకచకా సర్దింది. అందరూ చప్పట్లు కొట్టారు, భరతమాతకి. ఫొటోలో మా అమ్మాయి వీపు వచ్చింది.

ఆ ఆదివారం అది నా పక్కనే కొట్లో కూర్చుంది. ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్లదీ మా అమ్మాయి రంగే. లేతగులాబీ పట్టు చూసి, "అమ్మా, ఇది" అంది.

మా అమ్మాయి నాకంటే ముందే లేచింది. అంచు తీసి ఆ పిల్ల మణికట్టు మీద పరిచింది. కాసేపు చూసింది. మెల్లిగా వెనక్కి తీసుకుని, ఎంతో మర్యాదగా అంది:

"ఇంకోటి చూపిస్తానండీ."