టవల్ చాటు పాస్‌వర్డ్

ఊర్జానగర్ కాలనీలో మా పక్క క్వార్టర్ అన్న సైబర్ సెక్యూరిటీలో ఎం.టెక్ చదివేవాడు. పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే చాలు, ఆవిరి పట్టేవాడిలా తలకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి టవల్ కప్పుకునేవాడు. "ఎవ్వల్ని నమ్మొద్దురా" అనేవాడు. లోపల మాత్రం ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టేవాడు. గోడ ఇవతల మాకూ అది కంఠతా వచ్చేసింది.

ఆఖరి వైవా ఇంట్లోంచే, ఆన్‌లైన్‌లో జరిగింది. సాయంగా నేను కూర్చున్నాను. పరీక్షకుడు తెలుగాయనే. ప్రాజెక్టు తెరిచి చూపించమన్నాడు. అన్న టవల్ కప్పుకుని గొణిగాడు. తప్పు. మళ్లీ తప్పు. ఇంకోసారి తప్పితే ప్రాజెక్టుకు తాళం పడుతుంది.

వంటింట్లోంచి వాళ్లమ్మ కేకేసింది: "చివర్ల 'కోఠారి' అని కొట్టుడు మర్చిపోయినవ్ బిడ్డా!"

ప్రాజెక్టు తెరుచుకుంది. ఎంత గట్టి భద్రతకైనా లోపం ఎక్కడుంటుందని పరీక్షకుడు నవ్వాపుకుంటూ అడిగాడు.

అన్న టవల్ తీసి, కేక వచ్చిన వైపు కోపంగా చూశాడు.

"వంటింట్ల ఉంటది సార్."