కప్పకు పోసిన క్యాను నీళ్లు

2022 వానాకాలం. ఎల్బీనగర్‌లోని నా పెట్ క్లినిక్‌కు కుక్కలు, పిల్లులు తప్ప మరొకటి రావడం అరుదు. ఆ సాయంత్రం మన్సూరాబాద్ నుంచి యాదగిరి అనే ఆయన ప్లాస్టిక్ డబ్బాను పొట్టకు హత్తుకుని వచ్చాడు. వయసు నలభై ఉంటుందేమో, నడుము మాత్రం వంగదు. గోడ పట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలో అరచేయంత పాక్‌మన్ కప్ప, ఇళ్లలో పెంచుకునే విదేశీ రకం. దిల్‌సుఖ్‌నగర్ అక్వేరియం దుకాణంలో కొన్నాడట.

"మేడం, జర సూడుండ్రి. వారం సంది ఏం తింటలేదు. కడుపు గిట్ల ఉబ్బింది."

ఉబ్బిన కప్పలన్నిటిదీ ఒకే జబ్బు కాదు. గులకరాయి మింగితే పేగులో అడ్డం పడుతుంది, దాన్ని ఇంపాక్షన్ అంటాం. ఒంట్లో నీరు చేరితే ఎడిమా. లైటు ఆర్పి పొట్ట వెనక టార్చి పెట్టాను. నల్లటి ముద్దేదీ లేదు, పొట్టంతా పసుపుగా వెలిగింది. తొడల్లోనూ నీరే. నాకు అప్పుడే దిగులేసింది.

"ఏ నీళ్లలో ఉంచుతున్నారండీ?"

"క్యాను నీళ్లు మేడం, ప్లాంటుకెళ్లి తెప్పిస్త. నల్లా నీళ్లు ఒక్క చుక్క తాకనియ్యలే," అన్నాడు గర్వంగా. "మాది నల్గొండ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నా బొక్కలు బిగుసుకపోయి గిట్లయినయ్. పని బందయింది. ఇంటామె డ్యూటీకి పోతే పొద్దంతా గిదే నాకు తోడు. దీనికి నా గతి రావొద్దనుకున్న."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కప్ప నోటితో తాగదు, చర్మంతో నీరు పీల్చుకుంటుంది. ప్లాంటులో వడగట్టిన క్యాను నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. అలాంటి నీరు ఒంట్లోకి అదేపనిగా చొరబడుతుంటే, బయటికి పంపలేక కిడ్నీలు చతికిలబడతాయి. క్లోరిన్ పోగొట్టిన నల్లా నీళ్లు చాలు దానికి.

సన్నటి సూదితో కొంత నీరు తీశాను. యాంటీబయాటిక్ ఇచ్చి, లవణాలు కలిపిన రింగర్ ద్రావణంలో మునగకుండా కూర్చోబెట్టాను. మర్నాడు పొట్ట తగ్గింది. యాదగిరి నవ్వితే పళ్ల మీద గోధుమరంగు ఫ్లోరైడ్ చారలు కనిపించాయి. ఆ తర్వాతి రోజుకే పొట్ట మళ్లీ నిండింది. తీసిన కొద్దీ ఊరుతూనే ఉంది. చివరికి నా బల్ల మీదే ప్రాణం పోయింది.

"ఎందుకైంది మేడం? నిజం చెప్పుండ్రి."

అబద్ధం చెప్పేద్దామనిపించింది. నోరు రాలేదు.

"నీళ్ల వల్లే అయ్యుంటుందండీ."

డబ్బాకు మూత పెట్టాడు. "ఖరాబు నీళ్లు నన్ను ఆగం జేసినయ్. సాఫ్ నీళ్లు దీన్ని సంపినయ్. ఇగ ఏ నీళ్లను నమ్మాలె మేడం?"

ఆ కేసు తర్వాత కప్ప వస్తే జబ్బు కన్నా ముందు నీళ్ల సంగతే అడుగుతున్నాను. "క్యాను నీళ్లే మేడం" అని ఎవరైనా సంతోషంగా చెబితే మాత్రం, వాళ్ల మొహం చూడలేక డబ్బా వైపు తిరుగుతాను.