భూపాల్ అట్ట టీ బండి

తార్నాకలో భూపాల్‌ను ఎరగనివాళ్లు లేరు. ఆయన ఏ పనైనా ముందు అట్టతో చేసి చూస్తాడు, ఆ తర్వాతే నిజంగా చేస్తాడు. చాలాసార్లు ఆ తర్వాత చెయ్యనే చెయ్యడు.

యూనివర్సిటీ ఆఫీసులో రిటైరయ్యే ముందు, క్యాంపస్‌లో డిజైన్ థింకింగ్ మీద శిక్షణ ఉందంటే సమోసాల కోసం వెళ్లాడు. సమోసాలు అయిపోయాయి గానీ ఒక మాట దొరికింది: బతుకునూ డిజైన్ చేసుకోవచ్చు. చవగ్గా నమూనా చెయ్యి, వాడేవాళ్లకు చూపించు, తిట్టించుకో, మార్చు. 'తిట్టించుకో' అన్నది ఆయనకు బాగా నచ్చింది. ఇంట్లో ఆ సదుపాయం ఎప్పటినుంచో ఉంది.

ఫ్రిజ్ కొనే ముందు హాల్లో అట్ట ఫ్రిజ్ నిలబెట్టాడు. వారాసిగూడ నుంచి వచ్చిన బామ్మర్ది చల్లనీళ్ల కోసం లాగితే తలుపు చేతికొచ్చింది.

"ఏంది బావా ఇది?"

"తలుపు ఎటు తెరుసుకోవాల్నో తెలిసింది. మంచి పని చేసినవ్!"

కుక్కను పెంచుకోవాలనిపించినప్పుడు అట్టకుక్కకు తాడు కట్టి పొద్దున్నే క్యాంపస్ అంతా తిప్పాడు. నిజం కుక్కలు గుంపుగా వెంటపడ్డాయి. వగరుస్తూ ఇంటికొచ్చి, "కుక్క వద్దు శైలూ, దానికి దోస్తులు ఎక్కువున్నరు" అని భార్య శైలజకు చెప్పాడు.

కాబట్టి భూపాల్ టీ బండి పెడతానన్నప్పుడు పై అంతస్తు కామాక్షి ఆశ్చర్యపోలేదు. అంతకన్నా పెద్ద దిగులు ఆమెకుంది. కర్నూలు నుంచి వచ్చి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. తెల్లవారగానే క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి రావడమంటే ప్రాణం. వానల్లో మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది, డాక్టరు నడవమన్నాడు. అయినా మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగేది. "ఇంగ ఈ జన్మకు ఈ గడపే" అని తేల్చేసుకుంది. టీ విషయంలో పట్టింపు మాత్రం పోలేదు.

భూపాల్ అట్ట బండిని ఆమె గుమ్మం ముందే నిలబెట్టి, ఫ్లాస్కు వంచాడు. "అక్కా, టీ సంగతి ఎరుకున్నదానివి. ఒక్క గుక్క తాగి తిట్టు."

తాగింది. "ఇది టీనా భూపాలన్నా? కుడితి నీళ్లు! అల్లం యాడికి పోయిందప్పా?"

"మస్తు చెప్పినవక్కా!"

మర్నాడు బండి మెట్ల మలుపులో ఉంది. గాలి బాగొస్తుందట. అల్లం పడింది గానీ పాలు మాడాయి. కామాక్షి ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ అక్కడిదాకా దిగి తిట్టొచ్చింది.

ఆ తర్వాత బండి గేటు దగ్గరికి చేరింది. భూపాల్ పైకి తెచ్చిచ్చి పోయిన గ్లాసులో చక్కెర పాకం. కామాక్షి వరండాలోంచి అరిచింది.

"వినబడ్తలేదక్కా! కిందికొచ్చి తిట్టు!"

ఒళ్లు మండింది. ఇంత పాపిష్టి టీ తార్నాక జనం తాగాలా? రైలింగు పట్టుకుంది. ఒక మెట్టు దిగి ఆగింది. చెమటలు పట్టాయి. తిట్లు చల్లారిపోక ముందే దిగాలని ఇంకోటి దిగింది. ఈసారి ఎక్కడా కూర్చోలేదు. గేటు చేరి, ఊపిరి పీల్చుకుని, ఒక్కటీ మిగల్చకుండా తిట్టింది.

"సారీ అక్కా. గీడ గిరాకీ లేదు, జాగా మారుస్త."

బండి వీధి మలుపు చేరింది, అక్కణ్నుంచి మెయిన్ రోడ్డుకు పోయింది. టీ ఏనాడూ కుదరలేదు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడిపోయేది. కామాక్షి చేతికర్ర పట్టుకుని వెనకాలే పోయింది. ఈ మనిషికి టీ నేర్పకుండా వదిలేది లేదు.

చివరికి బండి క్యాంపస్ గేటు లోపల సిమెంటు బెంచీ పక్కన వాలింది. ఆ రోజు శైలజ కూడా ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చింది. కామాక్షి గుక్క తాగి కళ్లు పెద్దవి చేసింది.

"శైలజా, టీ అంటే ఇది! మీ ఆయనకు నేర్పగూడదా?"

"నేనేం నేర్పుతనక్కా? పెట్టిందే ఆయన. పెండ్లయినకాడికెల్లి మా ఇంట్ల టీ ఆయనదే."

కామాక్షి భూపాల్ వైపు తిరిగింది. ఆయన వంగి, చెడిపోని అట్ట చక్రాన్ని తెగ బాగుచేస్తున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, తాను నడిచొచ్చిన తార్నాక రోడ్డును చూసింది. కోపం వచ్చింది. టీ మరీ బాగుండటంతో దాంతోపాటు అదీ గొంతు దిగిపోయింది.

"భూపాలన్నా."

"ఆ... అక్కా?"

"రేపు గూడా ఆ కుడితి నీళ్లే తే."

"ఎందుకక్కా? మంచిదే తెస్త!"

"వద్దప్పా." కామాక్షి కర్ర అందుకుని లేచింది. "ఆర్ట్స్ కాలేజీ ఇంకా దూరముండాది."