నది మధ్యలో ఆగిన పడవ

జూలై నెల, రెండో ఆదివారం, సాయంత్రం. రెడ్డియార్‌పాళయంలో నేను అద్దెకుంటున్న ఇంటి మేడ మీద. హాజరైనవారు: ఇంటి యజమానురాలు అక్క, వీధి మలుపులో విత్తనాలు, ఎరువులు అమ్మే కొట్టాయన, మూడు నెలల కిందట పై గదిలో దిగిన లెక్కల లెక్చరరమ్మాయి, నేను. రానివారు: ఎవరూ లేరు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఏ నలుగురు కూర్చున్నా ముందు హాజరు రాయడం ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు, పింఛనులోకి వచ్చాక కూడా వదల్లేదు. అయితే పాత పేజీల్లో నా అక్షరాలు ఆవగింజల్లా ఉంటాయి. ఈ పేజీలో ఒక్కొక్కటీ నిమ్మకాయంత ఉంది.

కారణం నా కుడి కన్ను. చూపు సరిగ్గా ఆనే చోట లోపల చిన్న చిల్లి పడిందని డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను ఎప్పుడో మసకబారింది. కుడి కంటితో పేజీ చూస్తే వరుసలు నీళ్ళలో తాడులా వంగేవి. నేను ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే మాయమయ్యేది, దానికి అటూ ఇటూ ఉన్నవి మాత్రం నిక్షేపంగా ఉండేవి. మర్నాడు పొద్దున ఆపరేషన్. ఆ తరువాత కొన్నాళ్ళు రాత్రింబవళ్ళు బోర్లా పడుకోవాలి. మళ్ళీ పుస్తకం చదవగలనా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆఫీసులో నేను కూడా ఎంతోమందితో అన్న మాటే అది. కాబట్టి దాని అర్థం నాకు బాగా తెలుసు.

అప్పటికి ఒక నవల నా చేతిలో సగం పైన నడిచి ఆగిపోయి ఉంది. చివరి అధ్యాయాలు మిగిలాయి. భూతద్దం పెట్టి, వీధి వైపు కిటికీ దగ్గర కూర్చుని, రోజుకు అరపేజీ చొప్పున లాగాను. తల తిరిగి వదిలేశాను. నాకు చదివిపెట్టే మనిషి కావాలి. ఇన్నేళ్ళూ అందరికీ చదివిపెట్టింది నేనే. అక్క వాళ్ళూ కొట్టాయన వాళ్ళూ తరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదివింది తమిళ బడిలో, తెలుగు లిపి రాదు. నెలకోసారి ఈ కూటం పెట్టి, ఎవరు ఏ పుస్తకం చదివి సంతోషపడ్డారో చెప్పుకునేవాళ్ళం. నా పుస్తకం ఎవరైనా కోరితే బుధవారాల్లో నేనే పైకి చదివి వినిపించేవాణ్ణి. మాలో తెలుగు చదవడం వచ్చిన రెండో మనిషి ఆ లెక్చరరమ్మాయి ఒక్కతే. మా ఊరు యానాం పిల్లే.

అడిగితే సరిపోయేది కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు. ఈ కూటానికి నేను పెట్టిన నియమం ఒకటుంది. పుస్తకం పేరు గానీ రాసినవారి పేరు గానీ చెప్పకూడదు. పేరు చెప్తే వినేవాళ్ళు "ఓ, అదా" అని తల ఊపి ఊరుకుంటారు. లోపల ఏముందో చెప్పాలి. మనసైనవాళ్ళు తమంతట తాము పేరడగాలి. ఎవరూ అడక్కపోతే పుస్తకం సంచిలోకి వెళ్ళిపోతుంది. అడగనివారికి అంటగట్టకూడదు. కొట్టాయన ఒకసారి తన మేనల్లుడు అచ్చేయించుకున్న పద్యాల పుస్తకం అందరికీ పంచబోతే ఈ నియమం చూపించి నేనే ఆపించాను. ఇప్పుడు నా అవసరం వచ్చిందని దాన్ని తప్పడానికి మొహం చెల్లలేదు. ఆ అమ్మాయే పేరడగాలి.

ముందు అక్క మొదలుపెట్టింది. ఆమె చదివేది తమిళ పుస్తకాలు.

"ఇది దెయ్యం కత. అయితే బయం ల్యా. ఆ దెయ్యం ఉండే ఇల్లు పడగొట్టేస్తారు. పాపం, ఇంగ అది ఊరంతా తిరగతాది, బాడుగకు ఇల్లు యాడా దొరకదు."

"నీ ఇంటికొచ్చుంటే నువ్వు అడ్వాన్సు అడిగుంటావు," అన్నాడు కొట్టాయన.

"అడగతా. దెయ్యమైతే ఏంది, కరెంటు కాలస్తాది గదా."

"దెయ్యానికి కరెంటు దేనికక్కా?"

"నీ కొట్టుకంటే నయంలే. ఆడ పట్టపగలే చీకటి."

కొట్టాయన చెప్పింది ఒక తపాలా ఉద్యోగి రాసుకున్న తమిళ పుస్తకం. పాత సైకిలు మీద కొండ ఊళ్ళకు తిరిగిన మనిషి. "రొంబ బాగుండాది సార్. ఆ మనిషి సైకిలు ఎక్కే కాడి కంటే దిగి తోసుకుంటా పొయ్యే కాడ బాగా రాసుండాడు." నాకు నచ్చిన మాట అది. ఇంకోరోజైతే అతన్ని ఆపి నాలుగు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఆ సాయంత్రం నా చెవి ఒకటి అతని మీద ఉన్నా ధ్యాస మాత్రం తూర్పు వైపు లేస్తున్న మబ్బు మీద ఉంది.

అమ్మాయి ఫోన్లో చదివిన ఇంగ్లీషు పుస్తకం ఇసుక గురించి. నదుల్లో, తీరాల్లో ఇసుకను మనుషులు ఎలా తవ్వుకుపోతున్నారో అందులో ఉందట.

"ఇసక అయిపోతాదా? బీచిలో అంతుండాదే," అంది అక్క.

"మన బీచిలో యాడుండాది? అన్నీ రాళ్ళే గదా," అన్నాడు కొట్టాయన. "మన చిన్నప్పుడుండె. నువ్వు నన్ను ఇసకలో పూడ్చిపెట్టి ఇంటికెళ్ళిపొయ్యినావు, గుర్తుందా?"

"యెనక్కెందుకొచ్చినానా అని ఇప్పుడు బాదపడతా ఉండా."

నా వంతు వచ్చేసరికి మొదటి గాలి వీచింది. నేను నాలుగు పుస్తకాలు తెచ్చాను. వరుస ముందే ఆలోచించి పెట్టుకున్నాను: తేలికది ముందు, బలమైనది చివర. విందులో మాదిరి. అదే నేను చేసిన పొరపాటు. అందరూ ఆకలి మీదున్నప్పుడే అసలుది వడ్డించి ఉండాల్సింది.

మొదటిది పల్చని కవితల పుస్తకం. పుస్తకమంతా ఒక అపార్టుమెంటు లిఫ్టు గురించే. ఎవరెవరు ఎక్కారు, ఎవరు ఎవరి ముఖం చూడకుండా నిలబడ్డారు, ఇంతే. చివరి కవితలో లిఫ్టు పాడై అందరూ మెట్ల మీద కలుసుకుంటారు. ఇలాంటి సంగతి మీద ఇంత ఒద్దికగా రాయొచ్చని నాకు తెలియదు. ఎవరూ పేరడగలేదు. సంచిలో పెట్టాను.

రెండోది నేరపరిశోధన. హత్య మొదటి పేజీలో, చంపినవాడెవరో రెండో పేజీలో చెప్పేస్తాడు రచయిత. మిగిలిన పుస్తకమంతా, చంపిన రాత్రి అతనికి తలుపు తీసి అన్నం పెట్టింది ఎవరన్నదే. ఎవరో తెలిశాక వాళ్ళను తప్పుపట్టబుద్ధి కాదు. అక్క అడుగుతుందనుకున్నాను. "చంపినోడు ముందే తెలిసిపోతే ఇంగ చదివేదేంది?" అని తేల్చేసింది. అదీ సంచిలోకి.

మూడోది ఒక పశువుల డాక్టరమ్మ జ్ఞాపకాలు. ఆడమనిషి వచ్చిందని ఊళ్ళో మొదట ఒక్క గేదెనూ తోలుకురారు. ఒకనాడు దూడ అడ్డం తిరిగిన ఆవు పక్కన ఆమె తెల్లవార్లూ కూర్చుంటుంది. దూడ బతకదు, ఆవు బతుకుతుంది. మర్నాడు ఆ రైతు ఆమెతో ఏమీ అనడు, రెండో ఆవును తెచ్చి కట్టేసి పోతాడు. ఆమె ఆ నమ్మకాన్ని పొగడ్త లేకుండా రెండు వాక్యాల్లో రాసి ముగించింది. కొట్టాయనకు పక్క ఊరు ఏంబలంలో పొలమూ పాడీ ఉన్నాయి. ముందుకు వంగి విన్నాడు.

"ఆ బుక్కు పేరేంది సార్?"

చెప్పాను.

"బుదవారం వొస్తా. మొదట్నించీ చదవండి."

చదువుతాననే అనబోయాను. అక్క కొట్టాయన మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. "అదే సార్, కన్ను బాగైనాక. తొందరేముండాది," అన్నాడు. ఆ మాట నాకు డాక్టరు "చూద్దాం" కన్నా బరువుగా తగిలింది.

నాలుగో పుస్తకం తీశాను, నా చేతిలో ఆగిపోయినది. గోదావరి పాయ మీద రేవు నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్ళ నవల. ఎప్పటి తగాదానో, ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఒకే పడవ, చెరో కొసనా. ఏదైనా చెప్పాలంటే ప్రయాణికుల నోటితో చెప్పిస్తారు. "ఆవిడ్ని కాస్త ఎడమకు తిప్పమనండి బాబూ." ఆ మధ్యవర్తిత్వంలోనే ఊరివాళ్ళ కథలన్నీ నడుస్తాయి. పెళ్ళిచూపులకు వెళ్ళే కుర్రాడు, కోర్టు వాయిదాకు వెళ్ళే ముసలాయన, అందరూ వాళ్ళ మాటలు మోసినవాళ్ళే. తరువాత వంతెన కట్టారు. పడవ ఎక్కేవాళ్ళు లేరు. అంటే మాట మోసే మనిషే లేడు.

"ఇప్పుడు పెద్దామె ఒక్కతే పడవ తీసుకుని నది మధ్యకు..." అంటూ ఉండగా వాన కొట్టింది. చినుకులు కావు, ఒక్కసారిగా దబదబా. అక్క ఆరేసిన బట్టల వైపు పరుగెత్తింది. కొట్టాయన కుర్చీలు మడిచాడు. అమ్మాయి ఫోను మోగింది. "ఆఁ అమ్మా, వానమ్మా, వినపడట్లేదు," అంటూ మెట్లు దిగిపోయింది. నేను నవలను చొక్కా లోపల పెట్టుకుని నిలబడ్డాను. ఎవరూ పేరడగలేదు.

కింద వరండాలో అక్క నాకు టవలు అందించి, "ఏంది తమ్ముడూ, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతావుండావు? ఆపరేషనంటే బయమా?" అంది.

"కాదక్కా."

"నేనూ వొస్తా గదా రేపు. ఆటోకు చెప్పినా."

"ఆపరేషన్ సంగతి కాదు."

"మరేంది?"

ఒక నవల చివర కోసమని చెప్పడానికి సిగ్గేసింది. కంటి గురించి భయమైతే లోకం ఒప్పుకుంటుంది. చొక్కాలోంచి పుస్తకం తీసి తడి తుడిచాను. అక్క దానివంకా నావంకా చూసింది. ఆ పూట వరండాలో ఎన్ని సార్లు అటూ ఇటూ తిరిగానో నాకే తెలియదు. పై గది మెట్ల దాకా వెళ్ళడం, ఆగడం, తిరిగి రావడం. ఆ పిల్ల వచ్చి మూడు నెలలే అయింది, నియమం చెప్పింది నేనే, ఇప్పుడు వెళ్ళి ఏమని అడగను? డైరీలో పెద్ద అక్షరాలతో "వాన. నాలుగోది సగంలో ఆగింది" అని రాసి మూసేశాను.

మర్నాడు పొద్దున ఆటో వచ్చే ముందు మెట్లెక్కి తలుపు తట్టాను. అమ్మాయి జడ వేసుకుంటూ తీసింది, నోట్లో రబ్బరు బ్యాండు.

"అమ్మా, నా నియమం నేనే తప్పుతున్నాను. ఇది నాకు చదివిపెట్టాలి," అని నవల చేతికిచ్చాను.

ఆమె బ్యాండు తీసి, "అడుగుదామనే అనుకున్నానండి తాతగారూ, నిన్నే," అంది. "కానీ పేరడిగితే చదవమంటారేమోనని..."

"అంటే ఏమైంది?"

"పదో తరగతి తరవాత తెలుగు పుస్తకం ముట్టుకోలేదండీ. బస్సు బోర్డులు చదవడమే. మీరేమో టీవీలో వార్తలు చదివేవాళ్ళకే తప్పులు పడతారు. మీ ముందు నోరు తెరవాలంటే భయం కాదండీ మరి?"

కింద నుంచి అక్క కేక పెట్టింది. "ఏంది మీ కతలు! ఆటో వొచ్చేసింది. పాపా, నీ కాలేజీ అటే గదా, ఎక్కు. దారిలో చదువు."

ఆటోలో మధ్యన అక్క, చెరో పక్కన మేము. నేను ఆపిన చోటి నుంచి అమ్మాయి చదివింది. అబ్బో, ఏం చదవడం! లెక్క చేసినట్టు చదివింది. వాక్యం ఎక్కడ ఆగుతుందో చూసుకోదు, గతుకు వచ్చిన చోట ఆగుతుంది. "నెమ్మదిగా అమ్మా. అక్కడ చుక్క ఉంటుంది," అన్నాను. మరో నాలుగు వరుసలు. "ఆ మాట విడదీయకూడదు." మరో రెండు.

"ఆ పిల్లను చదవనీ తమ్ముడూ!" అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "నాకిప్పుడే అర్తమైతా ఉండాది, ఆ పెద్దామి యాడికి పోతాదో."

కాలేజీ వైపు తిరిగే కదిర్కామం దారి మలుపులో అమ్మాయి దిగాలి. దిగలేదు. మొదటి గంట క్లాసు మార్చుకుంటానని ఎవరికో ఫోన్లో చెప్పి మాతో ఆసుపత్రికి వచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నర్సు వచ్చి కంట్లో చుక్కలు వేసి వెళ్ళింది, మళ్ళీ వచ్చి వేసింది. అమ్మాయి చదువుతూనే ఉంది. గొంతు కొంచెం నెమ్మదించింది. నవలలో పెద్దామె నది మధ్యలో తెడ్డు పైకెత్తి కూర్చుంది. పడవ తనంతట తాను తిరుగుతోంది. ఒడ్డున చెల్లెలు లేచి నిలబడింది.

నర్సు నా పేరు పిలిచింది.

"ఒక్క పేజీ అమ్మా," అన్నాను తమిళంలో. డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, లేవండి అంది.

నేను అమ్మాయి వైపు తిరిగాను. "చివర చూసి చెప్పేయ్. ఒడ్డుకు వస్తుందా, రాదా?"

ఆమె గబగబా పేజీలు తిప్పింది. చివరి పేజీ లోలోపలే చదువుకుంది, ఆటోలో చదివిన మాదిరి కాదు, చాలాసేపు. అక్క ఆమె భుజం మీదుగా, తనకు రాని అక్షరాల్లోకి తొంగి చూసింది.

"ఏందంట?" అంది అక్క.

"చెప్పనండి," అంది అమ్మాయి. "ఇది ఊరికే చెప్పేస్తే బాగోదు. మీరు బోర్లా పడుకుని వినండి, సాయంత్రం వచ్చి వరసగా చదువుతాను."

నవ్వుతూ అందా, మరోలా అందా అని ముఖంలోకి చూశాను. మందు చుక్కలతో కన్ను నిండా వెలుతురే, ఏమీ ఆనలేదు. నర్సు నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.