మార్కరన్న నేర్పిన ఆట

మొదటి నెలంతా మార్కరన్న నాకు బంతే ఇవ్వలేదు. జనగామలో ఆఫీసర్ల క్లబ్బు వెనక ఒక మొరం కోర్టు ఉండేది. దాన్ని నీళ్లతో తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు పోసి, సాయంత్రం ఆఫీసర్లతో టెన్నిస్ ఆడి, వాళ్ల పిల్లలకు ఆట నేర్పే మనిషిని మార్కర్ అనేవారు. మా నాన్న దవాఖానలో డాక్టరు. మగపిల్లలు లేరు కనుక పదకొండేళ్ల నన్నే తెచ్చి అతనికి అప్పగించాడు. "ఆడపిల్లకు బ్యాటేంది" అని నాయనమ్మ సణుగుతూనే ఉండేది.

నేను మహా మొండిదాన్ని. బంతి లేకుండా ఉత్త గాలిని కొట్టమంటే ఒళ్లు మండేది. కుడి చంకలో రుమాలు పెట్టి, అది జారకుండా బ్యాటు ఊపమనేవాడు. తర్వాత గోడ మీద బొగ్గుతో పళ్లెమంత సున్నా గీసి, వరసగా ఇరవై బంతులు అందులో కొడితేనే ఇంటికి పోనిచ్చేవాడు. పందొమ్మిదోది తప్పిందా, మళ్లీ ఒకటి నుంచి. ఏడ్చినా కరిగేవాడు కాదు.

"ఏడ్సుకుంటనే కొట్టు బిడ్డ. కాళ్లు మాత్రం ఆపకు" అనేవాడు.

అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఇంకొకటి. అవతలివాళ్లు కొట్టిన బంతి మన వైపు గీత లోపల పడిందో, బయట పడిందో మనమే చెప్పాలి. పడిన మరుక్షణం చెప్పాలి. "ఆలోచించినవంటె అబద్ధం జొరబడ్తది. ఓడితె ఓడు. ఉన్నదున్నట్టు చెప్పు" అనేవాడు. ఒకసారి కాస్త నసిగినందుకు కోర్టు చుట్టూ పది చుట్లు ఉరికించాడు. ఆ ఎండాకాలం గడిచేసరికి ఎవరేమడిగినా నా నోట్లోంచి నిజం టక్కున ఊడిపడేది. కూర ఎలా ఉందని మేనత్త అడిగితే ఉప్పు కషాయమని చెప్పి అమ్మ చేత చీవాట్లు తిన్నాను.

అంతలో నిజాం పాలన పోయింది. యూనియన్ సైన్యం వచ్చింది. దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ల కోసం ఊళ్లలో వేట మొదలైంది. కొడకండ్ల వైపు నుంచి దవాఖానకు వచ్చినవాళ్ల లాఠీలకు చిట్లిన వీపులు చూసి నాన్నకు అన్నం సహించేది కాదు. సంగం దళాలు భూపాలపల్లి అడవుల్లోకి పోయాయని పెద్దవాళ్లు గుసగుసలాడేవారు.

ఒకరోజు మార్కరన్న ఆట మధ్యలో ఆపి నా దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, చలిజొరం గోళీలు జర మీ ఇంట్ల దొరుకుతయా?"

నాన్న మందుల సీసాలోంచి గుప్పెడు తెచ్చాను. కోర్టు వెనక అతని గదిలో ఒక మనిషి బొంత కప్పుకుని పళ్లు టకటకలాడేలా వణుకుతున్నాడు. మార్కరన్న తమ్ముడు. దళంతో తిరుగుతూ అడవిలో జ్వరం పట్టుకుని, ఇక నడవలేక అన్న దగ్గరికి చేరాడు. ఎవరికీ చెప్పొద్దని మార్కరన్న నాతో అనలేదు. డాక్టరు బిడ్డకు ఆమాత్రం తెలియదా అనుకున్నాడేమో.

నాలుగు రోజుల తర్వాత మిలిటరీ క్యాంపు ఆఫీసరు ఒకాయన కోర్టుకొచ్చాడు. మార్కరన్న నీళ్లు తేవడానికి బావికి పోయాడు. ఆయన నాతో కాసేపు ఆడాడు, నా దెబ్బ బాగుందని మెచ్చుకున్నాడు. నవ్వుతూ, నెట్టు అవతలి నుంచే, మార్కర్ గదిలో ఇంకెవరున్నారని ఉర్దూలో అడిగాడు.

"తమ్ముడున్నాడు. జ్వరం" అన్నాను.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయన బ్యాటు కింద పడేసి గేటు వైపు కేకేసినప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. బావి దగ్గర అన్నను, బొంతతో సహా తమ్ముణ్ని జీపెక్కించారు. నేను చూస్తూ నిలబడ్డాను.

తమ్ముడు మళ్లీ రాలేదు. పారిపోతుంటే కాల్చామన్నారు. లేచి నిలబడలేనివాడు ఎక్కడికి పారిపోతాడని నాన్న ఇంట్లో తలుపేసుకుని తిట్టాడు. ఆచూకీ ఎవరిచ్చారని ఆయన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండు నెలలకు మార్కరన్న సగమై తిరిగొచ్చాడు. వేరే మార్కర్ దొరక్క క్లబ్బు వాళ్లు అతన్నే పెట్టుకున్నారు. మళ్లీ గీతలు పోశాడు, మళ్లీ నన్ను గోడ ముందు నిలబెట్టాడు. బ్యాటు పట్టు సరిచేయడానికి నా మణికట్టు పట్టుకున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. చెంప పగలగొడితే బాగుండునని రోజూ ఎదురుచూశాను. అతను మాత్రం మునుపటికన్నా ఓపికగా నేర్పాడు. ఆ ఓపిక నన్ను చంపేసింది.

నాన్నకు మహబూబాబాదు బదిలీ అయింది. రైలెక్కే ముందు రోజు ఇక ఆగలేకపోయాను.

"అన్నా, నీ తమ్ముని సంగతి నేనే చెప్పిన."

"ఎరుకే బిడ్డ. క్యాంపుల వాళ్లే చెప్పిన్రు."

"మరి నన్నెందుకు కొట్టలే?"

అతను వంగి, చెదిరిన సున్నపు గీతను చేత్తో సరిచేశాడు.

"అడగంగనే చెప్పాలెనని నేర్పినోణ్ని నేనే గద. ఎవలకు చెప్పొద్దో నేర్పలె. నా తమ్ముణ్ని నేనే సంపుకున్న. నిన్నెట్ల కొడ్త?"

కాదన్నా, తప్పు నాదే అనాల్సింది. అనలేదు. ఆ మాట వినగానే నా గుండె తేలికైంది. అతని బతుకంతా కుంగదీసే బరువును అతని మీదే వదిలేసి, సంతోషంగా ఇంటికి పరుగెత్తాను. నోరు జారినందుకు నన్ను నేను ఏనాడో క్షమించుకున్నాను, చిన్నపిల్లనని. ఆ పరుగును మాత్రం ఈనాటికీ క్షమించుకోలేదు.