నా ముఖంలో శాంతి ఉందన్నారు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, యలహంకలో మా సంఘానికి ఒక్కసారి వచ్చినవారైనా నన్ను మరిచిపోలేరు, ఎందుకంటే కూర్చుంటే రెండు కుర్చీలు, పాడితే రెండు వీధులు నిండిపోయే సులోచనను నేనే. అయితే పోయిన వానాకాలంలో ఆ సులోచన లోలోపల చచ్చిపోయి, ఆమె చీరలు కట్టుకుని మరెవరో ప్రతి ఆదివారం మందిరానికి వచ్చి వెళ్ళారన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, నా ముఖం అంత బాగా అబద్ధమాడింది!

నేను చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. నా ఈడువారంతా మోకాళ్ళ నొప్పులకు నూనెలు వెతుక్కునే వయసులో నేను పీహెచ్‌డీలో చేరాను. పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుంది, తల్లిదండ్రులు చూసే చూపు, పలికే పలుకు ఆ ఎదుగుదలను ఎలా మారుస్తాయి అన్నది నా పరిశోధన. ఫ్యాక్టరీలుండే హెబ్బగోడి అద్దె గదుల నుంచి తల్లులు చంటిపిల్లలను ఎత్తుకుని మా ల్యాబుకు వస్తారు. అక్కడ ఒక చిన్న పరీక్ష ఉంటుంది. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, మేము సైగ చేయగానే ముఖాన్ని గోడలా పెట్టేయాలి. నవ్వకూడదు, పలకకూడదు, కనుబొమ్మ కదపకూడదు. బిడ్డ మొదట తానే నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేకలు వేస్తుంది, తరువాత ఏడుస్తుంది, చివరికి ఇక లాభం లేదని ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది. అంతలోనే తల్లి నవ్వుతూ ఎత్తుకుంటుంది, అంతటితో పరీక్ష అయిపోతుంది.

ఆ గోడముఖం ఎలా పెట్టాలో తల్లులకు చూపించే పని నాది. సహోదరులారా, ఆ విద్యలో నన్ను మించినవారు భూమండలం మీద లేరు, నేను ముఖం బిగిస్తే గోడ గడియారం కూడా ముల్లు కదపడానికి జంకేది! కదిరి వైపు నుంచి వచ్చిన లక్ష్మి అనే అమ్మాయి ఒకసారి ఒప్పుకోలేదు.

“అదెట్లయితాది మేడమ్? వాడు నగతా నా పక్కే చూస్తాంటే నేను కొయ్య మాదిరి కూర్చునేదా?”

“ఇదిగో, ఇలా,” అని చూపించాను.

“అయ్యప్పా, వద్దు వద్దు, మళ్ళీ నగండి మేడమ్! బిడ్డ సంగతి దేవుడెరుగు, నాకే ఏడుపొస్తాండాది!”

ఆ వానల్లోనే మా అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. సమాధి దగ్గర బంధువులంతా గుండెలు బాదుకుంటున్నారు, పెట్టెకు తాళ్ళు కట్టేవారు నన్నే అడుగుతున్నారు, పాట ఎత్తేవారూ నన్నే చూస్తున్నారు, నాకేమో గొంతు దాకా ఏడుపు తన్నుకొస్తోంది. ఏం చేయాలో తోచక నాకు బాగా వచ్చిన ఆ ముఖం పెట్టేశాను. ఏడుపు ఆగిపోయింది! గుండెను గోనెసంచిలో కట్టి అటక మీద పడేసినట్టయింది. పరామర్శకు వచ్చినవారి ముందూ అదే ముఖం పెట్టాను, నా పరిశోధన అధ్యాయమంతా కొట్టేసి తిప్పి పంపిన గైడు మేడమ్ ముందూ అదే. తరువాత ఒక ఉదయం అద్దం ముందు నిలబడి దాన్ని తీసేయబోతే రాలేదు సహోదరులారా! నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. అన్నం కాగితం నమిలినట్టు, దువ్వెన ఎత్తడం రోడ్డు రోలరు ఎత్తినట్టు ఉండేది. ఇంకో పూట ఎందుకు బతకాలో తెలియకుండానే బతికాను.

ఇక మందిరంలో ఏం జరిగిందో వినండి. “సులోచన సిస్టర్ ముఖంలో ఆ శాంతి చూడండప్పా! కన్నతల్లి పోయినా ఒక్క బొట్టు కన్నీరు లేదు, ఎంత విశ్వాసం!” అని మొదలుపెట్టారు. పాస్టరు గారు ప్రసంగంలో నన్ను ఉదాహరణగా చెప్పారు. ఒకావిడ అయితే పోట్లాడే కోడలిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది, జలుబు అంటినట్టు నా శాంతి ఆ పిల్లకు అంటుకుంటుందని! ఇంతమంది మెచ్చుకునే ముఖం వెనక ఎవరూ లేరని ఎలా చెప్పను? నాలో నేనే ఇలా ప్రార్థించేదాన్ని: “ప్రభువా, నువ్వు కూడా నాకు ఆ గోడముఖమే చూపిస్తున్నావా? పిలిచాను, చేతులు చాపాను. ఇక నేను పక్కకు తిరిగిపోతానేమో, నన్ను వదలకు.”

ఆ చీకటిలో నా బిడ్డ కూడా ఉంది. లేకలేక కలిగిన మా జెస్సీకి ఐదేళ్ళు, మాటల్లో మాత్రం పార్లమెంటు మొత్తం దాని నోట్లోనే ఉంటుంది. మొదట్లో నన్ను నవ్వించడానికి చున్నీ తలకు చుట్టుకుని పాస్టరమ్మ గారిలా ప్రసంగాలు చేసింది, కోతివేషాలు వేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. తరువాత ఏడ్చింది, అప్పుడూ చూస్తూనే ఉన్నాను. ఒక సాయంత్రం వంటింటి వెనకనుంచి మాటలు వినబడితే వెళ్ళి చూశాను. వాషింగ్ మెషీన్ గుండ్రటి తలుపు ముందు చతికిలబడి కూర్చుంది.

“ఏయ్ వాషింగూ, ఈ పొద్దు స్కూల్లో రోహన్ నా పెన్సిల్ కొరికేసినాడు, తెలుసా నీకు?”

“దానికెందుకమ్మా, నాకు చెప్పు.”

“నువ్వు విన్నా విననట్టే ఉంటావు. అదైతే గుర్రంటాది.”

కోపంతో అన్నా బాగుండేది! నావైపు తిరగకుండా, చల్లగా అంది. మా పరీక్షలో బిడ్డ ఏడ్చినంతసేపూ మాకు భయం ఉండదు, ఇంకా తల్లి మీద ఆశ ఉందని అర్థం. ఏడుపు మాని తిరిగిపోయినప్పుడే గుండె జారుతుంది. ల్యాబులో అయితే తల్లి వెంటనే ఎత్తుకుంటుంది. ఇక్కడ నెలలు గడిచిపోయాయి, నా బిడ్డ నన్ను వదిలి వెళ్ళిపోతోంది, ఆపడానికి నాకు ముఖం లేదు!

క్రిస్మస్ దగ్గర పడిన ఒక ఆదివారం పాస్టరు గారు, దుఃఖంలో దేవుని శాంతి ఎలా దొరికిందో చెప్పమని నన్ను మైకు దగ్గరకు పిలిచారు. సంఘమంతా నావైపే చూస్తోంది, ఫ్యాన్లు కూడా మెడ వంచి చూస్తున్నట్టే ఉంది. ముందు చాప మీద పిల్లల మధ్య కూర్చున్న జెస్సీ మాత్రం కిటికీ వైపు చూస్తోంది. పక్కపిల్ల మోచేత్తో పొడిచి “మీ అమ్మ” అంది. అయినా తిరగలేదు.

మైకులో నా నోటినుంచి వచ్చింది ఇదీ: “ప్రభువా, వీళ్ళు నా ముఖం చూసి నిన్ను స్తుతిస్తున్నారు. ఇది శాంతి కాదు. లోపల ఎవరూ లేరు. నా బిడ్డ నన్ను వదిలేస్తోంది, నాకు ఏడుపు కూడా రావడం లేదు. నన్ను బతికించు తండ్రీ.”

కీబోర్డు వాయించే తమ్ముడి వేలు ఒకే మెట్టు మీద ఉండిపోయి హాలంతా కుయ్యిమంది. అప్పుడు మా సంఘంలో పెద్దావిడ కరుణమ్మ అత్త లేచింది. నగర్తపేటలో జరీ కొట్టు నడిపిన మనిషి, ఆమె గొంతు విప్పితే మైకులకే చెవులు గింగురుమంటాయి!

“శాంతి కాదంటప్పా, ఇది జబ్బు! మా చెల్లెలికి వచ్చింది గూడా ఇదే. అట్ల చూస్తా కూర్చుంటే ఎట్ల? అందరూ ప్రార్థన చేయండి, రేపు డాక్టరు దగ్గరికి నేను పిలుచుకుపోతా!”

అందరూ నా చుట్టూ చేరి ప్రార్థించారు, పాస్టరు గారు మోకాళ్ళ మీద “నేనూ పొరబడినాను ప్రభువా” అని ఏడ్చారు. డాక్టరు గారు మాత్రలు రాసిచ్చారు, మాట్లాడి మాట్లాడి మనసు విప్పించారు. మాత్రలు వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపండి, నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను. మధ్యాహ్నాలు కరుణమ్మ అత్త వచ్చి మా అమ్మ కబుర్లు అడిగేది. “ఏడువమ్మా, ఏడిస్తే కరిగిపోయేదానికి విశ్వాసమేమన్నా బెల్లమా?” అనేది. చివరికొక రోజు అమ్మ చేసే చింతకాయ పచ్చడి గురించి చెబుతూ చెబుతూ భోరున ఏడ్చేశాను, యలహంక చెరువు నిండిపోయేంత ఏడ్చాను, దేవునికే మహిమ! ఆయన నాకు గోడముఖం చూపించలేదు, ఆ ముసలమ్మ ముడతల ముఖంతోనే నన్ను చూశాడు.

కానీ జెస్సీ వెంటనే రాలేదు. నేను నవ్వితే అనుమానంగా చూసేది. “ఇది నిజం నవ్వా, ల్యాబు నవ్వా?” అనేది. దగ్గరకు తీసుకుంటే కర్రలా బిగుసుకునేది. నేను తొందరపెట్టలేదు, ఆ పిల్ల నా కోసం ఎదురుచూసినంతకాలం ఇప్పుడు నేను ఎదురుచూశాను, “తండ్రీ, దాని టైము దానికివ్వు, ఓపిక నాకివ్వు” అని ప్రార్థిస్తూ.

ఒక ఉదయం బడికి నడిచి వెళ్తుంటే ఎయిర్‌బేస్ వైపునుంచి ఒక విమానం ఆకాశాన్ని చీరలా చింపుతూ మా నెత్తిమీదుగా పోయింది. జెస్సీ గభాలున నా గడ్డం పట్టుకుని పైకి తిప్పింది.

“అమ్మా, చూడు చూడు!”

పైకి చూశాను. తరువాత కిందికి చూస్తే విమానం పోయినా జెస్సీ ఇంకా నా ముఖం వైపే చూస్తోంది, నేను చూశానా లేదా అని. “అబ్బ! ఎంత పెద్దదో!” అన్నాను. అప్పుడు నవ్వింది సహోదరులారా, అప్పుడు మా జెస్సీ నవ్వింది!

ఇది చదువుతున్నవారిలో, ఎంత నిబ్బరంగా ఉన్నారో అని నలుగురూ మెచ్చుకుంటుంటే లోపల ఆరిపోయినవారు ఎవరైనా ఉంటే, ఈ పూటే ఆ మాట ప్రభువుతో చెప్పండి, పక్కనున్న మనిషికీ చెప్పండి. మంచి ముఖం పెట్టుకుని రమ్మని ఆయన ఎవరినీ అడగలేదు, ఉన్న ముఖంతోనే రమ్మంటున్నాడు. నన్ను బతికించి నా బిడ్డను నావైపు తిప్పిన దేవునికే సమస్త మహిమ, ఆమేన్.