కండువా తీసి కూర్చో

ఒకప్పుడు మా జమ్మలమడుగులో టీ కొట్టుకు కూడా పక్షం ఉండేది. ఒక వర్గంవాళ్లు తాగే చోట రెండో వర్గంవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. డాక్టరు, వకీలు, దర్జీ, చివరికి గడ్డం గీసేవాడు కూడా ఎవరో ఒకరి మనిషి కావలసిందే. నేను ఆర్టీసీలో కండక్టరుగా ప్రొద్దుటూరుకూ, ముద్దనూరు మీదుగా పులివెందులకూ తిరిగినవాణ్ణి. ఎవరు ముందు సీట్లో, ఎవరు వెనక సీట్లో కూర్చోవాలో ప్రయాణికులే తేల్చుకునేవారు, నాకు టికెట్టు కొట్టడమే పని. అలాంటి ఊళ్లో ఏ పక్షమూ లేకుండా నిలబడ్డ కొట్టు రత్నమణి ఫోటో స్టూడియో. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగనీండి. నా పేరు కరీముల్లా, మా రక్తదాతల సంఘానికి కార్యదర్శిని. ఆ సంఘాన్ని సంఘంగా నిలబెట్టింది మాత్రం రత్నమణే.

స్టూడియో ఆమె తండ్రి జయకర్‌ది. మిషన్ కాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబం. ఫ్యాక్షన్ రోజుల్లో ఎక్కడ హత్య జరిగినా శవం ఫోటో తీయడానికి పోలీసులు ఆయన్నే పిలిపించేవారు. చూసి చూసి ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు జీపు వచ్చి వాకిట్లో ఆగితే, "నాయనా, నువ్వు కూచో" అని రత్నమణే కెమెరా భుజాన వేసుకుని ఎక్కింది. పెళ్లికాని పిల్ల. ఊరు ముక్కున వేలేసుకుంది. వేలు నొప్పి పుట్టాక తీసేసింది.

తర్వాత చనిపోయినవాళ్ల భార్యలు గోడకు పెట్టుకోవడానికి ఫోటో కావాలని వచ్చేవారు. చాలామందికి పోలీసుల కోసం తీసింది తప్ప వేరే ఫోటో ఉండేది కాదు. రత్నమణి దాన్ని ఇచ్చేది కాదు. పాత పెళ్లిళ్ల నెగటివ్‌లన్నీ తిరగేసి, ఎక్కడో భోజనాల బంతిలో కూర్చుని నవ్వుతున్న ఆ మనిషి ముఖాన్ని పట్టుకుని, పెద్దది చేసి ఇచ్చేది. ఈ వర్గానికీ ఇచ్చింది, ఆ వర్గానికీ ఇచ్చింది. అందుకే ఆ కొట్టు అద్దం ఏ గొడవలోనూ పగల్లేదు.

నేను రిటైరయ్యాక నలుగురం కలిసి సంఘం పెట్టాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ కూడా తెరిచాం. అందులో ఏం పెట్టామనుకున్నారు? మేం ఒకరికొకరు శాలువాలు కప్పుకున్న ఫోటోలు. కప్పేదీ మేమే, కప్పించుకునేదీ మేమే, లైకు కొట్టేదీ మేమే. రక్తం కావాలని పెడితే పలికే నాథుడు లేడు. ఒకరోజు స్టూడియోలో కూర్చుని ఆ పేజీ చూపిస్తే రత్నమణి పకపకా నవ్వింది.

"కరీమన్నా, మీ మొగాలు మీకే సూడబుద్ధి కాదు, ఊరోళ్లు యాడ సూస్తారు? పెండ్లి ఆల్బం చేతికిస్తే మనిషి ముందర ఎవుర్ని ఎతుక్కుంటాడు? తన్నే గదా! నెత్తురిచ్చినోని ఫోటో పెట్టండి, వాడే నలుగురికీ చూపిచ్చుకుంటాడు" అంది.

ఆ రోజు నుంచి పేజీ ఆమె చేతికి వెళ్లింది. రక్తమిచ్చిన మనిషి పని చేసే చోటికే వెళ్లి ఫోటో తీసేది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో కుంపటి ఊదే కంసాలి, పులివెందుల దగ్గర అరటి గెలలు మోసే కూలీ, శనగలు జల్లెడ పట్టే రమణమ్మ. కింద వాళ్ల పేరు, వాళ్ల నోటి నుంచి వచ్చిన మాట ఒకటి. రమణమ్మ మాట నాకింకా గుర్తుంది: "సూది అంటే భయమే, అయినా మా ఆయనంత భయం గాదులే." ఆ ఫోటో కువైట్‌లో ఉన్న మా కడపోళ్లందరి ఫోన్లూ చుట్టి వచ్చింది.

ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. రోగి ముఖం ఎప్పుడూ పెట్టదు. "బాధలో ఉన్న మనిషిని అంగట్లో పెడితే మనం సంఘమా, తిరనాళ్లలో గుడారమా?" అనేది. రక్తం దొరికిన వెంటనే ఆ విన్నపం తీసేసేది, అందువల్ల పేజీలో ఏదైనా ఉందంటే నిజంగా అవసరం ఉందని జనం నమ్మేవారు. పొద్దున్నే జనం టీ తాగే వేళకు ఒక ఫోటో పడాల్సిందే. కింద ఎవరు మంచిమాట రాసినా జవాబు చెప్పేది, అన్నిటికన్నా మంచి మాటను పైన అందరికీ కనబడేట్టు నిలిపేది. పక్షం బయటపడుతుందని ఇంటి పేరు, తండ్రి పేరు, ఊరు రాయదు. మెడలో పార్టీ కండువా ఉంటే కెమెరా ఎత్తదు. "కండువా తీసి కూర్చో నాయనా" అనేది, ఎవరైనా సరే.

ఎన్నికల ముందు పులివెందులలో ఒక నాయకుడు పుట్టినరోజుకు శిబిరం పెట్టి మమ్మల్ని పిలిచాడు. పేజీలో తన ముఖం వెయ్యమన్నాడు. "ఏస్తానన్నా, దాందేముంది? ముందు కండువా తీసి మంచమ్మీద పండుకో" అంది రత్నమణి. ఆయనకు ఉన్నట్టుండి తన షుగరు జబ్బు గుర్తొచ్చింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను.

పేజీ వేలమందికి చేరింది. చిక్కు కూడా అప్పుడే వచ్చింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కాన్పు కష్టమై ఒక అమ్మాయికి ఓ నెగటివ్ రక్తం కావలసి వచ్చింది. పేజీలో పెట్టగానే ట్రాక్టర్ల షెడ్డులో పనిచేసే నారాయణ అనే కుర్రాడు పరుగున వచ్చి ఇచ్చాడు. తల్లీ బిడ్డా బతికారు. రత్నమణి నారాయణ ఫోటో వేసింది, చేతికి గ్రీజు, ముఖాన నవ్వు. మరునాడు ఆ అమ్మాయి మరిది దాని కింద తన ఊరి పేరుతో సహా రాశాడు: "మా వదినను, బిడ్డను కాపాడిన అన్నకు వందనాలు." రత్నమణి అలవాటు ప్రకారం ఆ మాటను పైన నిలిపింది.

ఆ ఊళ్ల పేర్లు నేను రాయను. ఒకటి పెన్న ఒడ్డుది, ఒకటి మెట్టది అనుకోండి. నారాయణ మెట్ట ఊరివాడు. వాళ్ల జేజినాయన, అంటే తాత, పెద్దకొండయ్యను ముప్పై ఏళ్ల కిందట నరికి చంపింది పెన్న ఒడ్డువాళ్లని, అందులోనూ ఆ అమ్మాయి అత్తవారింటివాళ్లేనని ఊరంతా చెప్పుకుంటారు.

మధ్యాహ్నానికి మెట్ట ఊరు ఊరంతా ఫోన్లలో ఆ ఫోటోనే. నారాయణ చిన్నాయన ఫోన్ చేసి నోటికి వచ్చినట్టు తిట్టాడు. మెట్ట వైపు దాతలకు ఫోన్ చేస్తే, "మీ పేజీ వాళ్లదంట గదా" అని పెట్టేశారు. పేజీకి పక్షం అంటుకుందంటే దాతల్లో సగంమంది పోయినట్టే. రేపు ఇంకో అమ్మాయికి నెత్తురు కావాలంటే ఎవరిని అడగాలి? నారాయణ తన ఇంటి గడప తొక్కేదెట్లా? రత్నమణి కెమెరా పక్కన పెట్టేసింది. "తప్పు నాదే కరీమన్నా. ఆ మాట పైన పెట్టకుంటే ఎవురూ చూసేవాళ్లు గాదు. పోదాం పా" అంది. నా స్కూటర్ మీదే నారాయణ ఊరికి వెళ్లాం.

ఇంటి ముందు పదిమంది మగవాళ్లున్నారు. నారాయణ అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి వాళ్ల జేజి, పెద్దకొండయ్య భార్య వనజమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"మా నాయన్ను నరికినోళ్లకు మా నెత్తురు పోపిచ్చినావే, నీకెంత ధైర్యం?" అని చిన్నాయన రత్నమణి మీదికి వచ్చాడు.

"ఎవురికని నాకు తెల్దు చిన్నాయనా" అన్నాడు నారాయణ.

"తెలిసింటే ఇచ్చేవానివా?"

కుర్రాడు తలెత్తి, "ఇచ్చేవాణ్ణే" అన్నాడు.

చిన్నాయన చెయ్యెత్తాడు. రత్నమణి మధ్యలోకి వెళ్లి నిలబడి, "పిల్లోన్ని ఏమనొద్దప్పా. ఫోటో ఇప్పుడే తీసేస్తాండా, నీ కండ్ల ముందరే" అని ఫోన్ బయటికి తీసింది.

"ఆగమ్మీ. నాకు చూపీ" అంది వనజమ్మ.

ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. "దీన్ని ఆ ఊరోళ్లు చూసినారా?"

"చూసినారమ్మా. శానామంది."

"వట్టి నారాయణ అని రాసినావే. ఊరికి పదిమంది నారాయణలు. యా నారాయణ అనుకుంటారు? పెద్దకొండయ్య మనమడని రాయి."

"అమ్మా!" అని అరిచాడు చిన్నాయన.

"నోరు ముయ్యిరా. ఆ పొద్దు మీ నాయన నెత్తురు నేలపాలు చేసినారు. ఈ పొద్దు అదే నెత్తురు వాళ్లే అడిగి, ఒంట్లోకి ఎక్కిచ్చుకోని బతికినారు. మనం ఇంతకన్నా యాడ గెలుస్తాం? గెలిచిందాన్ని తుడిపేసుకుంటావా? రాయమ్మీ, వాళ్ల ఇంట్లో ఎవురి నెత్తురు పారుతాందో వాళ్లకు తెల్లాల."

అది పగో, క్షమో నాకు అర్థం కాలేదు. రెండూ కలిసే ఉంటాయేమో. రత్నమణి నా వైపు చూడకుండా, అన్నాళ్లు కాపాడుకున్న నియమం పక్కన పెట్టి, టైపు చేసింది: "నారాయణ, పెద్దకొండయ్య మనమడు."

ఇద్దరం తిరుగు దారి పట్టాం. పెన్న ఒడ్డువాళ్లు దాన్ని ఎత్తిపొడుపు అనుకుంటే మళ్లీ కత్తులు లేస్తాయని నా భయం. ఆమె భయమూ అదే.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి రత్నమణి స్టూడియో మెట్ల మీద నిలబడి ఉంది. కళ్ల నిండా నీళ్లు. పెన్న ఒడ్డు ఊరి నుంచి ఆ మరిదే మళ్లీ రాశాడట. నా ముందే నారాయణకు ఫోన్ చేసి వాళ్ల జేజికి ఇమ్మని, గట్టిగా చదివి వినిపించింది: "పెద్దకొండయ్య గారికి మా ఇంటిల్లిపాదీ దండాలు."

"గారు అని రాసినారా?" అంది వనజమ్మ.

"రాసినారమ్మా."

"ఇంగొకసారి సదువు."